ఇంట్లో వాడుకునే ఏనుగు

ప్రశాంత్ ఇంట్లో వస్తువులకు రెండే కులాలు. మంచివి, ఇంట్లో వాడుకునేవి.

మంచివన్నీ హాల్లో షోకేసులో, అద్దాల తలుపుల వెనక ఉంటాయి. పెళ్ళికి వచ్చిన డిన్నర్ సెట్టు, బంగారు రంగు అంచున్న టీ కప్పులు, మెలికలు తిరిగిన గాజు గ్లాసులు. అవి వచ్చేవాళ్ళ కోసం. వచ్చేవాళ్ళు వస్తూనే ఉంటారు, చూసి మెచ్చుకుని, స్టీలు గ్లాసులో నీళ్ళు తాగి వెళ్ళిపోతూనే ఉంటారు. ఇక ఇంట్లో వాడుకునేవంటే పిడి ఊడిన కప్పు, సొట్టపడిన చెంబు, అంచు చిట్లిన పింగాణీ పళ్ళెం. మంచి వస్తువు ఇంట్లో మనుషుల చేతికి రావాలంటే ఒకటే దారి, దానికేదో ఒక అవిటితనం రావాలి. షోకేసు దులుపుతూ ప్రశాంత్ భార్య రమ్య ఒక టీ కప్పు జారవిడిచి పిడి విరగ్గొడితే, ఆ సాయంత్రమే అది ప్రశాంత్ తల్లి ఈశ్వరమ్మ చేతిలోకి వచ్చింది.

“బంగారు కప్పులో కాపీ తాగే యోగం నాకుంది సూడు. నీ చెయ్యి చల్లగుండ మేయ్,” అని ఈశ్వరమ్మ కోడలిని దీవించింది. వాళ్ళది ప్రొద్దుటూరు. హైదరాబాదు వచ్చి మూడేళ్ళయినా ఆమె మాట రవ్వంత కూడా మారలేదు.

షోకేసులో పట్టని వాటికి ప్లాస్టిక్ కాపలా. టీవీ రిమోటుకు తొడుగు, స్కూటరు సీటుకు తొడుగు, సోఫాకు కంపెనీవాడు కప్పి పంపిన పాలిథిన్ ఇంకా అలాగే ఉంది. ఎండాకాలం ఆ సోఫాలోంచి లేచేవాళ్ళకు వీపు చర్మం సగం అక్కడే వదిలేసి వస్తున్నట్టుంటుంది. ప్రశాంత్‌ను అడిగితే, “తీస్తే పాడైపోదా?” అంటాడు. కంప్యూటరు ఇంజినీరు కదా, ముందుచూపు ఎక్కువ. రెండువేల సంవత్సరం రాగానే ప్రపంచంలో కంప్యూటర్లన్నీ తేదీ మరిచిపోయి వెర్రిచూపులు చూస్తాయట. అలా కాకుండా ఏదో విదేశీ బీమా కంపెనీ లెక్కల్ని సరిదిద్దడం సైబర్ టవర్స్‌లో అతని ఉద్యోగం. ఇంకా రాని ఆపద గురించి ముందే కంగారు పడటానికి జీతమిస్తారు. ఇంట్లో ఆ పని ఉచితంగా చేస్తాడు.

ఈ షోకేసు మధ్య అరలో ఏడాదిగా ఒక బూడిదరంగు గుడ్డ ఏనుగు కూర్చుని ఉంది. కంపెనీవాళ్ళు ఆరు వారాలు లండన్ పంపినప్పుడు ప్రశాంత్ తెచ్చాడు. ఒంటికి పాలిథిన్ కవరు, మెడలో ఆ ఊరి కొట్టువాడి చీటీ. వచ్చినవాళ్ళు చదువుకోవడానికి వీలుగా చీటీని ముందుకు తిప్పి పెట్టాడు. పక్కనే ఆ ఏనుగు కథల పుస్తకం, అదీ కవర్లోనే. ఇవన్నీ ఎవరి కోసమంటే, కూతురు కిరణ్మయి కోసమేనట. కిరణ్మయికి నాలుగేళ్ళు. ఆ పిల్ల రోజూ అద్దానికి ముక్కు ఆనించి ఏనుగును చూస్తుంది. అద్దం మీద ముక్కు మచ్చ పడితే ప్రశాంత్ ఆఫీసు నుంచి రాగానే రుమాలుతో తుడుస్తాడు. ఓపికున్న మనిషి.

“ఏం అబ్బయ్యా, బొమ్మ తెచ్చింది పాపకా, బీరువాకా?” అని ఈశ్వరమ్మ అడగని రోజు లేదు.

“పెద్దయ్యాక ఆడుకుంటుందిలేమ్మా,” అని ప్రశాంత్ అనని రోజూ లేదు. పెద్దయ్యాక గుడ్డ ఏనుగుతో ఎవరాడుకుంటారని ఆమె నోరు నొక్కుకునేది.

ఇంతలో మాదాపూర్‌లో ఒక కొత్త బడి వెలిసింది. అక్కడ పరీక్షలుండవు, హోంవర్కుండదు, బెత్తముండదు. పిల్లలు ఆడుతూ పాడుతూ చదువుకుంటారట. చదువంత తేలికైనది కాబట్టి సీటు మాత్రం మహా కష్టం. ప్రశాంత్ టీమ్ లీడరు పార్థసారథి కొడుక్కి అక్కడ సీటొచ్చింది. ఆ రోజు నుంచి పార్థసారథి క్యాంటీన్‌లో టీ తాగే తీరే మారిపోయింది.

“ఏముందండీ ప్రశాంత్‌గారూ, పిల్లాడిలో సరుకుండాలంతే,” అని ప్రతి గుటకకూ ఒకసారి అనేవాడు. గోదావరి జిల్లా మనిషి, వేసే దెబ్బ కూడా అండీ అని మర్యాదగా వేస్తాడు.

ప్రశాంత్‌కు కూడు సయించలేదు. ఈ సీటు రాకపోతే పార్థసారథి ఎదుట ఇక తలెత్తుకు తిరగడం కల్ల. కిరణ్మయి పేరు రాయించాడు. పిలుపు వచ్చింది. పిల్ల తనకు బాగా ఇష్టమైన బొమ్మను వెంట తెచ్చుకోవాలి, దాని గురించి తనకు తోచింది చెప్పాలి, ముందుగా ఏమీ నేర్పించి తీసుకురావద్దు. ఇదీ బడివాళ్ళు పెట్టిన షరతు. నేర్పించవద్దన్నారంటే మిగతావాళ్ళంతా ఎంత గట్టిగా నేర్పిస్తున్నారో అనుకుని ప్రశాంత్ ఆ పూటే నడుం బిగించాడు.

కిరణ్మయికి బాగా ఇష్టమైన బొమ్మ ఒక ఖాళీ పౌడరు డబ్బా. దానికి తాడు కట్టి, ఎడ్లబండి అని ఇల్లంతా ఈడుస్తుంది. అది చూసి ప్రశాంత్ తల పట్టుకున్నాడు.

“డబ్బా పట్టుకుపోతే పరువేం కాను? నీకు ఇష్టమైన బొమ్మ ఏనుగు. తెలిసిందా?”

“ఏనుగును ఇస్తావా డాడీ?” అంది కిరణ్మయి. ఆ పిల్ల మొహం ఒక్కసారిగా వెలిగిపోయింది.

“ఇంటర్వ్యూలో ఇస్తాను. అయిపోయాక ఎక్కడిదక్కడ పెట్టేయాలి.”

వెలుగు వచ్చినంత వేగంగానే పోయింది. అది ప్రశాంత్ కంటపడలేదు. అప్పటికే అతను పుస్తకం కవరును చిరగకుండా విప్పే పనిలో ఉన్నాడు. పుస్తకం నలగకూడదని బజారుకు తీసుకెళ్ళి జిరాక్సు తీయించి, అసలుదాన్ని మళ్ళీ కవర్లో పెట్టి షోకేసుకు తాళం వేశాడు.

ఆ కథ మన ముత్తాతల కాలంలో ఎవరో దొరసాని రాసింది. బొమ్మల కొట్లో అద్దం వెనక ఒక గుడ్డ ఏనుగు ఉంటుంది. బట్టలుతికే ఆమె కూతురు రోజూ అద్దంలోంచి దాన్ని చూసి పోతుంటుంది. ఒకరోజు కొట్టువాడు తలుపు వేయడం మరిచిపోతే ఏనుగు వీధిలో పడుతుంది. పాలబండి ఎక్కుతుంది, కాలవలో మునుగుతుంది, బాతులతో తగువు పెట్టుకుంటుంది, చివరికి ఒక కుక్క నోట చిక్కి చెవి పోగొట్టుకుంటుంది. తడిసి ముద్దై తిరిగొస్తే కొట్టువాడు విసుక్కుని, “చెవి లేనిదాన్ని ఎవరు కొంటారు? నువ్వే పట్టుకుపో,” అని ఆ పిల్ల చేతిలో పెడతాడు. ఏనుగు ఆ పిల్ల దుప్పట్లో దూరి హాయిగా నిద్రపోతుంది. కథ అంతే.

ప్రశాంత్ చదివి పెదవి విరిచాడు. ఒళ్ళంతా తప్పులే! చెప్పకుండా ఇల్లు వదిలిపోవడమేమిటి? సీటు కోసం పోతూ చెవి తెగిన మాట తేవడమేమిటి? నీతి ఏది? పెన్ను తీసుకుని కథను బాగుచేశాడు. బట్టలుతికే ఆమె కూతురిని డాక్టరుగారి కూతురిని చేశాడు. కాలవనూ కుక్కనూ కొట్టేశాడు. అతని ఏనుగు గుమ్మం దాకా వెళ్ళి, బుద్ధి తెచ్చుకుని, వెనక్కి వచ్చి అద్దం వెనక తన చోట్లో తాను కూర్చుంటుంది. నీతి: పెద్దల మాట వినాలి.

“ఇంక కథేముండాది దాంట్లో?” అంది ఈశ్వరమ్మ.

“అమ్మా, ఇది నీకు అర్థం కాదు.”

“అర్థం అయ్యేదానికి ఏమన్నా ఉంటే గదా!”

రోజూ ఆఫీసు నుంచి వచ్చి పిల్లను షోకేసు ముందు నిలబెట్టేవాడు. ఆఫీసులో ప్రోగ్రామును పరీక్షించినట్టే, ఎక్కడ తప్పొస్తే అక్కడి నుంచి కాదు, మొదటి నుంచి మళ్ళీ. “వన్సపానే టైమ్ దేర్ వాజె గ్రే ఎలిఫెంట్,” అని ఆ పిల్ల అద్దంలో ఏనుగుకే దాని కథ అప్పజెప్పేది. ఒకటి రెండుసార్లు మధ్యలో చెయ్యి చాపింది. “కంఠతా వచ్చాక,” అన్నాడు ప్రశాంత్. వచ్చాక, “ఇంటర్వ్యూ రోజు,” అన్నాడు.

అసలు కథను మాత్రం రమ్య అన్నం పెట్టేటప్పుడు జిరాక్సు కాగితాలు చూసి తెలుగులో చెప్పేది. కాలవ దగ్గరికి వచ్చేసరికి ఈశ్వరమ్మ అందుకుని, ఏనుగు మన చెరువుకట్ట కాడికే వచ్చిందని, కుక్క కూడా ఆ కట్ట మీదిదేనని, దానికి సంగటి ముద్ద పెడితే వదిలేసేదని కల్పించేది. ముద్ద తర్వాత ముద్ద దిగిపోయేది.

“చెవి పోయిందని ఇచ్చేసినారా?” అని ఒకరోజు కిరణ్మయి తల్లినడిగింది.

“ఔనమ్మా.”

“చెవి ఉంటే ఇయ్యరా?”

“ఉంటే మంచి బొమ్మ కదా. కొట్లోనే ఉంటుంది.”

కిరణ్మయి నోట్లో ముద్ద అలాగే పెట్టుకుని, అవ్వ చేతిలో ఉన్న పిడిలేని బంగారు కప్పును చాలాసేపు చూసింది. రమ్య అన్నం చల్లారిపోతోందని కసిరింది.

ఇంటర్వ్యూ నాటి ఉదయం ప్రశాంత్ సబ్బుతో చేతులు కడుక్కుని తాళం తీశాడు. ఏనుగును కవరుతో సహా ఒక సంచిలో పెట్టి రమ్యకిచ్చాడు. శేరిలింగంపల్లి నుంచి మాదాపూర్ దాకా స్కూటరు మీద, గుట్టలు పేల్చే చోటల్లా ఎర్రజెండావాడు ఆపితే ఆగుతూ, ముందు నిలబడ్డ కూతురి చేత కథ అప్పజెప్పించుకుంటూనే వెళ్ళాడు.

బడి హాల్లో అప్పటికే బోలెడుమంది ఉన్నారు. ప్రతి పిల్ల పక్కనా ఒక మంచి బొమ్మ, ప్రతి బొమ్మ ఒంటి మీదా ఒక కవరు, ప్రతి తండ్రి పెదవుల మీదా ఒక కథ. నేర్పించి తీసుకురాని తల్లిదండ్రుల సభ చూడముచ్చటగా ఉంది.

“కవర్లు తీయున్రి సారూ,” అని ఆయా సాయమ్మ అందరికీ చెప్పుకుంటూ వచ్చింది. “మా మేడమ్‌కు ప్లాస్టిక్ నచ్చది. బొమ్మను పిల్లకియ్యున్రి. అమ్మానాన్నలు ముందుగాల లోపలికి రావాలె. పిల్లలను నేను జూస్త, ఫికర్ జెయ్యకున్రి.”

గత్యంతరం లేక ప్రశాంత్ కవరు విప్పి ఏనుగును కూతురి చేతుల్లో పెట్టాడు. “గట్టిగా పట్టుకోకు,” అన్నాడు. మళ్ళీ, “వదులుగా పట్టుకోకు,” అన్నాడు. కిరణ్మయి దాని పొట్ట మీద చెంప ఆనించి కళ్ళు మూసుకుంది.

లోపల ప్రిన్సిపాలు ప్రవీణ మేడమ్ నవ్వుతూ కూర్చోమంది. కోస్తా మనిషి, మాట మెత్తన. ఆమె వెనక గోడకు పెద్ద అద్దాల బీరువా. అందులో పిల్లలు చేసిన మట్టి బొమ్మలు, రంగు కాగితాల పిట్టలు వరసగా పేర్చి తాళం వేసి ఉన్నాయి. ముట్టుకోరాదు అన్న అట్టముక్క కూడా ఉంది. బీరువాను చూడగానే ప్రశాంత్‌కు బడి మీద గౌరవం రెట్టింపయింది.

“పాప ఆ బొమ్మతో బాగా ఆడుకుంటుందాండీ?” అందామె.

“వదలదు మేడమ్! తిండి దానితోనే, పడక దానితోనే. మేము పిల్లల్ని దేనికీ కట్టడి చెయ్యం,” అన్నాడు ప్రశాంత్, తడుముకోకుండా.

రమ్య పైకప్పు కేసి చూస్తూ కూర్చుంది.

తలుపు తెరుచుకుని సాయమ్మ పిల్లను చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. ఆమె ముఖం పాలిపోయి ఉంది. “జర అటు తిరిగిన సారూ, గంతల్నే గిట్ల జేసింది,” అని అరచేయి తెరిచి చూపించింది. అందులో తడిసిన బూడిదరంగు గుడ్డముక్క ఉంది. కిరణ్మయి చంకలో ఏనుగుకు ఒకటే చెవి. పిల్ల పెదవికి దారప్పోగు అంటుకుని ఉంది.

ఇంట్లో అయితే ప్రశాంత్ కేక నాలుగు వీధులు దాటేది. ఇక్కడ పళ్ళన్నీ కనబడేలా నవ్వాడు. ఆ నవ్వుకే పిల్ల ఒకడుగు వెనక్కి వేసింది.

“ఏం ఫర్వాలేదు. మీ ఏనుగు గురించి చెప్పమ్మా,” అంది మేడమ్.

“వన్సపానే టైమ్ దేర్ వాజె గ్రే ఎలిఫెంట్,” అని మొదలుపెట్టి కిరణ్మయి ఆగిపోయింది. ప్రశాంత్ పెదవులు ఆడించి తర్వాతి మాట అందించబోయాడు. పిల్ల అటు చూడలేదు. ఏనుగును మేడమ్ బల్ల మీద కూర్చోబెట్టింది.

“ఇది షోకేసులో ఉండ్య. కవరు ఉండాది, ఊపిరాడలా. తాళం తీసినారు. స్కూటరెక్కినాది. ఎర్రజెండాయన ఆగమంటే ఆగినాది. గుట్ట డామ్మని పేలినాది, అయినా భయపడలా. చెరువు కాడ కుక్క వచ్చినాది. ఇట్ల కొరికినాది.”

“అమ్మో! ఏ కుక్కమ్మా?”

“నేనే.”

మేడమ్ పడీపడీ నవ్వింది. చప్పట్లు కొట్టింది. పొద్దుటి నుంచి ఎన్ని కంఠతా కథలు విన్నదో, ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. “ఇదండీ మాకు కావలసింది! ఈ స్వేచ్ఛ!” అంది. సీటు వచ్చేసినట్టే. ప్రశాంత్ అప్పటికే మనసులో క్యాంటీన్‌కు వెళ్ళి, పార్థసారథి ఎదుట టీ గుటక వేసి, పిల్లలో సరుకుండాలండీ అంటున్నాడు.

మేడమ్ లేచి తాళం చెవుల గుత్తి తీసింది. బీరువా తెరిచి మట్టి బొమ్మలను పక్కకు జరిపి మధ్యలో చోటు చేసింది.

“దీన్ని మా దగ్గర ఉంచేద్దామండీ, పాప పేరు రాసి. వచ్చే పోయే తల్లిదండ్రులంతా చూస్తారు. ఎంత మంచి బొమ్మ!” అని చేతులు చాపింది.

“అంతకంటేనా మేడమ్,” అనబోయాడు ప్రశాంత్. మాట నాలుక చివర దాకా వచ్చింది కూడా.

మంచి బొమ్మ అన్న మాట వినగానే కిరణ్మయి ఏనుగును బల్ల మీద నుంచి లాక్కుంది. ఏడవలేదు, గోల చెయ్యలేదు. బీరువాను చూసింది. తాళాన్ని చూసింది. ఏనుగును అటూ ఇటూ తిప్పి, ఇంకా ఏం పాడుచేస్తే సరిపోతుందా అన్నట్టు జాగ్రత్తగా పరీక్షించింది. తర్వాత రెండో చెవిని నోట్లో పెట్టుకుని పళ్ళు బిగించింది.

ప్రశాంత్‌కు అప్పుడు తెలిసింది. పిల్లది అల్లరి కాదు, పొగరు కాదు. తన ఇంటి చట్టాన్ని తనకంటే బాగా చదువుకుంది. మంచిదయితే అద్దం వెనక్కి పోతుంది, పాడైతే మనుషుల చేతికొస్తుంది. ఏడాది పాటు అద్దం మీద తుడిచేసిన ముక్కు మచ్చలన్నీ ఒక్కసారిగా కళ్ళ ముందుకొచ్చాయి. సిగ్గుతో చెవులు వేడెక్కాయి. సీటు కావాలి. ఆ క్షణంలో కూడా కావాలి, అది కాదనడానికి లేదు. అయినా ఆ పిల్ల దవడలు బిగించి తన కేసి చూస్తున్న చూపు భరించలేకపోయాడు.

“అది మంచిది కాదు మేడమ్,” అన్నాడు. “ఇంట్లో వాడుకునేదండీ.”

మేడమ్ చేతులు గాల్లోనే ఆగాయి. “ఒక బొమ్మేగా! పాపకు పంచుకోవడం నేర్పించాలండీ,” అంది.

“బీరువాకు పంచడమెందుకు మేడమ్?” అంది రమ్య. ఆ గదిలో ఆమె మాట్లాడిన మొదటి మాట అదే.

ప్రవీణ మేడమ్ బీరువా మూసి, తాళం వేసి, కుర్చీలో కూర్చుంది. నవ్వు మాత్రం చెక్కు చెదరలేదు. “మేం కబురు చేస్తామండీ,” అంది.

ఆ మాటకు అర్థం ప్రశాంత్‌కు ఎవరూ చెప్పనక్కరలేదు. ఉద్యోగాల కోసం వచ్చిన కుర్రాళ్ళకు సైబర్ టవర్స్‌లో వారం వారం అతను చెప్పే మాటే అది. ఇంతవరకు ఒక్కడికీ కబురు చేసిన పాపాన పోలేదు.

తిరుగుదారిలో కిరణ్మయి ఏనుగును కడుపుకు అదుముకుని, గుట్టలను దానికి చూపిస్తూ ముందు నిలబడింది. ఖాళీ కవరు రమ్య చేతిలోంచి గాలికి ఎగిరిపోయింది. ఎగిరిపోయిందో, వదిలేసిందో, ప్రశాంత్ వెనక్కి తిరిగి చూడలేదు. పార్థసారథికి ఏం చెప్పాలా అని మాత్రం దారి పొడుగునా ఆలోచించాడు. ఒక్కరోజులో మనిషి అంతకంటే మారడు.

ఇంటికి రాగానే ఈశ్వరమ్మ సంగతంతా విని, కొడుకును కిందా మీదా చూసి, సూదీ దారం తెచ్చుకుంది. సాయమ్మ దగ్గర తీసుకున్న చెవిని ప్రశాంత్ జేబులోంచి తీసి ఇచ్చాడు.

“దా పాపా. చిటికెలో అతికించేస్తా. కొత్తదాని మాదిరి అయిపోతాది.”

కిరణ్మయి ఏనుగును వెనక దాచుకుని గోడకు ఆనుకుంది.

“వద్దవ్వా. కుట్టొద్దు. కుడితే మల్లా మంచిదైపోతాది.”